మైనస్ ఎనభైలో పులస

సభకు అధ్యక్షత వహిస్తున్న మన కాలేజీ పాలక సంఘం అధ్యక్షులు సూర్యారావు గారికి, ప్రిన్సిపాల్ సోమేశ్వరరావు గారికి, వేదిక మీదున్న పెద్దలకి, వేదిక మీద చోటు చాలక కింద మొదటి వరసలో కూర్చుని కాస్త నొచ్చుకున్న పెద్దలకి, ఇన్నేళ్ళూ స్టాఫ్ రూములో నాతో టీ పంచుకున్న సహోద్యోగులకి, మా పిల్లలకి, వెనక తలుపు దగ్గర నిలబడి లోపలికి రావచ్చో లేదో అని చూస్తున్న ఆడవాళ్ళకి, అందరికీ ఈ సత్యవేణి నమస్కారాలు. రండమ్మా, లోపలికొచ్చి కూర్చోండి. ఇవాళ రిటైర్మెంటు సన్మానం నాది. మిమ్మల్ని ఎవరూ లేవమనరు.

మైకు దగ్గరికి వస్తూంటే ప్రిన్సిపాల్ గారు నా చెవిలో, "మేడం గారూ, కాస్త క్లుప్తంగా కానిచ్చేయండి, అవతల వంటలు చల్లారిపోతాయండీ" అన్నారు. ఏది ఎంతసేపు బయట పెడితే ఏమవుతుందో ఈ కాలేజీలో అందరికంటే నాకే బాగా తెలుసు గనక వారి మాట కొట్టిపారెయ్యలేను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఇంకాసేపటికి నవ్వు రాకపోవచ్చు.

ఇప్పటిదాకా చాలామంది నా గురించి మంచిగా మాట్లాడారు. శాంతమూర్తినన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదన్నారు. నిజమే, పెంచే అవకాశం ఎక్కడిచ్చారు? నేను నోరు విప్పగానే "తర్వాత చూద్దామమ్మా" అని కుర్చీలోంచి లేచిపోయేవారు కదా. ఇవాళ నా మెడలో దండ ఉంది, భుజాల మీద శాలువా ఉంది, ఫొటోగ్రాఫర్ ఎదురుగా ఉన్నాడు. మధ్యలో లేచి వెళ్ళడం బాగుండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అధ్యక్షుల వారు ఒక మాటన్నారు. మన కాలేజీకి ఇంత మంచి గ్రేడు వచ్చిందంటే సత్యవేణి గారి పరిశోధన వల్లేనన్నారు. చప్పట్లు కొట్టారు మీరు. ఆ మాట తప్పు. ఆ గ్రేడు నా పరిశోధన వల్ల రాలేదు. నా పరిశోధన పోవడం వల్ల వచ్చింది. పెద్దవారు పొరపాటు పడితే సరిదిద్దాలి గనక చెబుతున్నాను, వారు మరోలా అనుకోకూడదు.

ముందు ఆ పరిశోధన ఏమిటో చెబుతాను. ఇందాక మాట్లాడిన వారిలో ఒకరు షుగరుకి మందు కనిపెట్టానన్నారు, ఇంకొకరు జన్యువులు మార్చానన్నారు. రెండూ కాదు. మందు కనిపెట్టి ఉంటే ముందుగా మన సూర్యారావు గారికే ఇచ్చేదాన్ని. వారి జేబులో ఒకవైపు షుగరు మాత్రలు, రెండోవైపు ఆత్రేయపురం పూతరేకు ఉంటాయని ఈ హాల్లో తెలియని వాళ్ళెవరు? (నవ్వులు)

మన ఒంట్లో ఏ కణం తీసుకున్నా జన్యువులన్నీ ఉంటాయి. కానీ అన్నీ ఒకేసారి పనిచెయ్యవు. కాలువ గట్టున తూములు చూస్తారు కదా, కొన్ని తెరిచి ఉంటాయి, కొన్ని మూసి ఉంటాయి. జన్యువులూ అంతే. కంట్లో తెరుచుకున్న తూము కాలేయంలో మూసి ఉంటుంది. ఆ తలుపులు ఎత్తడానికీ దించడానికీ కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, వాటిని కాలువ మీద తూము తలుపులెత్తే లస్కర్లు అనుకోండి. లస్కరు తన ఇష్టమొచ్చినట్టు తలుపెత్తడు, చేతికి చీటీ రావాలి. కణంలో అలాంటి చీటీల్లో చక్కెర ఒకటి. మనం టీలో వేసుకునే పంచదార కాదండి, గ్లూకోజు నుంచి కణం తనే తయారుచేసుకునే చిన్న చక్కెర అణువు. అది ప్రోటీను మీద అతుక్కుంటే ఆ ప్రోటీను ఒక తూము దగ్గరికి వెళ్ళి పని మొదలుపెడుతుంది, పీకేస్తే వదిలేసి వస్తుంది. ఒక్కోచోట దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. అతికించే ఎంజైము ఒకటే, పీకే ఎంజైము ఒకటే. వేల ప్రోటీన్లకి ఆ ఇద్దరే దిక్కు. ఎగువన నీళ్ళు పెరిగితే, అంటే ఒంట్లో గ్లూకోజు ఎక్కువైతే, చీటీలూ ఎక్కువైపోతాయి. మూసి ఉండాల్సిన తూము తెరుచుకోవచ్చు, తెరిచి ఉండాల్సింది మూసుకుపోవచ్చు.

కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లుల సంగతి మీ ఇళ్ళల్లోనూ చూసే ఉంటారు. తల్లికీ బిడ్డకీ మధ్యన ఉండేది మావి. తల్లి రక్తంలో షుగరు పెరిగితే మావిలోని ఏ ప్రోటీన్ల మీద చక్కెర ఎక్కువగా అతుక్కుంటోంది, దానివల్ల ఏ జన్యువులు తెరుచుకుంటున్నాయి, ఏవి మూసుకుపోతున్నాయి? ఇదీ ప్రశ్న. జవాబు దొరికితే రేపే మందు వచ్చేస్తుందని నేనెప్పుడూ అనలేదు. ఎక్కడ వెతకాలో తెలుస్తుందన్నాను, అంతే.

ఆ ప్రశ్న నాది కాదు, వాణిది. మా వాణి ఆలమూరు వైపు రైతుల పిల్ల, ఇక్కడే చదివి, నా దగ్గరే పరిశోధనకి చేరింది. అదిగో, కిటికీ పక్కన తల దించుకుని కూర్చుంది. తలెత్తమ్మా, నువ్వేం తప్పు చెయ్యలేదు.

మావి ముక్క కావాలంటే నర్సింగ్ హోములో సంతకం పెట్టించుకుంటే చాలు, చట్టం అంతకంటే అడగదు. వాణి మాత్రం ఇళ్ళకి వెళ్ళి అడుగుతానంది. రాజోలు అవతల సముద్రం వార ఊళ్ళకి బస్సెక్కి వెళ్ళి, వలలు ఆరేసిన అరుగుల మీద కూర్చుని, ఇందాక నేను మీకు చెప్పిన లస్కర్ల కథ వాళ్ళకీ చెప్పింది. ఆ కథ కూడా నాది కాదండి, దాని దగ్గర నేర్చుకున్నదే. అలా వెళ్ళిన ఇళ్ళల్లో సీతారత్నం గారిల్లు ఒకటి. ఇందాక తలుపు దగ్గర నిలబడింది ఆవిడే. వాళ్ళ ఆయన బోటు మీద వెళ్ళే మనిషి. సీతారత్నం ఒప్పుకుంది గానీ అత్తగారు ఒప్పుకోలేదు. "మాయి సముద్రం మీదకి పోయే పానాలమ్మా. బిడ్డ మావి మా పెరట్లో పాతుకుంటాం. అది ఇంటికాడుంటేనే మడిసి ఇంటికొత్తాడు. నువ్వేమో ముక్క కోసి పట్టుకుపోతానంటన్నావు" అంది ఆవిడ.

సైన్సు చదువుకున్నవాళ్ళం, దానికి ఏం చెబుతాం? మూఢనమ్మకమని నేనైతే లేచి వచ్చేసేదాన్ని. వాణి రాలేదు. ఆ సాయంత్రమంతా అక్కడే కూర్చుని, వాళ్ళు పెట్టిన అన్నం తిని, "మిగతాదంతా మీ పెరట్లోనే పాతుకోండమ్మా. ఆ చిన్న ముక్కని మాత్రం మీ పెరట్లో ఉన్నంత భద్రంగా నేను దాస్తాను" అని మాటిచ్చింది. ఆ మాట మీద ముసలావిడ సరేనంది. ఒక ఇల్లు ఒప్పుకున్నాక ఆ వీధంతా ఒప్పుకుంది. అలా వచ్చాయి మా ఫ్రీజర్‌లోకి ఆ ముక్కలు. మైనస్ ఎనభై డిగ్రీల్లో, ఒక్కో డబ్బా మీద ఒక్కో తల్లి గుర్తుతో. వాణి పొద్దున్నే వచ్చి ముందు ఆ ఫ్రీజర్ మీద చెయ్యి వేసి, మోటారు తిరుగుతోందో లేదో చూసుకుని, అప్పుడు చెప్పులు విప్పేది.

మంచినీళ్ళు ఇప్పించండి.

నిరుడు వరదల్లో గ్రేడు ఇచ్చే బృందం మన కాలేజీకి వచ్చింది. గోదారికి ఎర్రనీళ్ళు తగిలాయి. ఎర్రనీళ్ళతో పాటు ఏం వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మన వైపు కొత్త ఆఫీసరు వస్తే ముందు పులస వెళుతుంది, దాని వెనకాల కాయితం వెళుతుంది. ఇది తప్పని మనలో ఎవరూ అనుకోరు. మర్యాద అనుకుంటాం. సూర్యారావు గారు పట్టుబట్టి, రేవులో మనుషుల్ని కూర్చోబెట్టి, రెండు మంచి పులసలు తెప్పించారు. బృందం రావలసింది మర్నాడు, చేప వచ్చింది ముందురోజు సాయంత్రం. ఆ గాలివానకి కరెంటు పోయింది. క్యాంటీను ఫ్రిజ్ ఆగిపోయింది. కాలేజీ మొత్తంలో జనరేటరు మీద నడుస్తున్న పెట్టె ఒక్కటే ఉంది, మా ఫ్రీజర్.

నేనూ వాణీ ఆ సాయంత్రం హాల్లో బృందం కోసం పోస్టర్లు అతికిస్తున్నాం. మావి, చక్కెర, జన్యువులు, పెద్ద పెద్ద అక్షరాలతో. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. డూప్లికేటు తాళం ప్రిన్సిపాల్ గారి దగ్గర ఉండేది. అటెండరు గంగబాబుకి ఇచ్చి, అందులో ఉన్నవి బయట పెట్టి చేప లోపల పెట్టమన్నారు. తర్వాత గంగబాబు నా దగ్గరికొచ్చి దాచకుండా చెప్పేడు. "ట్రేలు జాగర్తగానే దించేనండీ మేడం గారూ. వరండాలో జల్లు పడనిచోట పెట్టేనండీ. ఐసు జల్లి, తడి గోనె కప్పేనండీ. చేపకి ఎలా చేత్తామో అలాగే చేసేనండీ." అతనికి తెలిసిన పద్ధతుల్లో అంతకంటే మంచిది లేదు. చేపకి చెయ్యాల్సింది మావికి చేశాడు, మావికి చెయ్యాల్సింది చేపకి జరిగింది. గంగబాబు మీద నాకు కోపం లేదు. చేప తెప్పించిన వారి మీద, తాళం చేతికిచ్చిన వారి మీద ఉంది. వాళ్ళిద్దరూ నాకు ఇటొకరు అటొకరు కూర్చుని ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలు. ఆడపిల్లలకి పట్టుచీరలు కట్టించి, తలల్లో పూలు పెట్టించి వడ్డనకి నిలబెట్టారు. పరిశోధన చేస్తున్న పిల్ల కనబడితే బాగుంటుందని వాణి చేతికి పులస పులుసు గిన్నె ఇచ్చారు. బృందంలో పెద్దాయన ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "ఇంత తాజాగా ఎక్కడ దాచేరండీ, కరెంటు కూడా లేదు కదా" అన్నారు. మన సోమేశ్వరరావు గారు, పాపం ఆ సంతోషంలో, "మా రీసెర్చి ల్యాబులోనండీ. మైనస్ ఎనభై అండీ. ఆయ్" అన్నారు.

నేను ఆ బల్ల చివర కూర్చున్నాను. వాణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. దాన్ని గిన్నెలో వదిలేసి, కుచ్చెళ్ళు పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తింది. "ఏమ్మా, ఇటు వడ్డించలేదు" అని ఎవరో అంటున్నారు.

వరండాలో గోనె తీసి చూశాం. ముక్కలన్నీ ఉన్నాయి. చూడ్డానికి పెద్దగా తేడా కూడా లేదు. కానీ చలి తగ్గగానే ఆ పీకే ఎంజైము లేచి కూర్చుంటుందండి. దానికి బృందం వస్తోందని తెలియదు, పరువు సంగతి తెలియదు. రాత్రంతా దాని పని అది చేసుకుపోయింది. ఏమైనా మిగిలి ఉంటుందేమోనని తర్వాత పరీక్షలు చేసి చూశాం. ప్రోటీన్లు ఉన్నాయి, వాటి మీద చక్కెర లేదు. లస్కర్లు ఉన్నారు, చేతుల్లో చీటీలు లేవు. ఎవరి చేతిలో ఏ చీటీ ఉండేదో ఇక చెప్పగలిగిన వాళ్ళు ఎవరూ లేరు.

పాడైన ముక్కల్ని ఏం చెయ్యాలో నిబంధన ఉంది. పసుపు రంగు సంచిలో వేసి, కాల్చడానికి పంపాలి. పంపాం. పెరట్లో ఉన్నంత భద్రంగా దాస్తానని మాటిచ్చిన పిల్ల తన చేత్తోనే సంచి మూతి కట్టింది.



నేను వెళ్ళి సూర్యారావు గారికి చెప్పాను. వారు కోప్పడలేదు, నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. "పోనీలెండమ్మా. ఆసుపత్రుల్లో రోజూ కానుపులే కదా, మళ్ళీ తెచ్చుకుంటే సరి" అన్నారు. గుర్తుందాండీ? గుర్తుండదు లెండి, మీరు చెడ్డగా అన్నది కాదు, తేలిగ్గా అన్నారు. నాకు గుర్తుండిపోయింది. ప్రిన్సిపాల్ గారు మాత్రం ఇంకోలా చెప్పారు. "చేప పాడైతే మన పరువేం కానండీ" అన్నారు. తర్వాత గ్రేడు వచ్చింది. పరిశోధన సదుపాయాలు మెచ్చుకోదగినవని రాశారట. ఆ వాక్యాన్ని అద్దం కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు. దాని కిందనుంచే రోజూ నడిచి వెళ్ళి పాఠం చెప్పాను నేను. నాకు చాలా అసహ్యం వేసేది. సన్మాన సభలో అనదగ్గ మాట కాదు, అయినా అదే నిజం.

వాణి కొన్నాళ్ళు ల్యాబుకి రాలేదు. ఆ ఊళ్ళకి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లడం లేదండీ అంది. ఇప్పుడొక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతోంది. దాని పరిశోధన ఇంకా రద్దు కాలేదు. కానీ ఇవాళ నేను దిగిపోతే దానికి గైడు ఉండదు. జీతం అక్కర్లేదు, ఆ గది ఉంచండి, నన్ను గైడుగా కొనసాగనివ్వండి, పిల్ల మళ్ళీ మొదలుపెడుతుంది అని సూర్యారావు గారికి అర్జీ పెట్టుకున్నాను. సన్మానం అయ్యాక చూద్దామన్నారు. సన్మానం అయిపోతే ఏమవుతుందో నాకు తెలియదా? ఆ గదిని డిజిటల్ హాలు చేస్తామని గోడలకి రంగులు కూడా ఎంచేశారు.

ఇక ఇవాళ్టి సంగతి. ఈ సభకి వస్తూంటే గేటు దగ్గర సీతారత్నం కనబడింది, పాపని చంకనెత్తుకుని. చేప సంగతి ఆవిడకి తెలుసు. మన కోనసీమలో పులస ఎవరింట ఉడికిందో తెలియకుండా ఉంటుందా? నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మా చెల్లెలికి నెలలు నిండేయండీ. దానికీ షుగరేనంటన్నారు డాట్రు గారు. వాణమ్మ గారు అడిగితే ముక్క ఇత్తాదండీ. మాయత్త కూడా ఇమ్మంది. మరి ఈసారి ఆ పెట్టె తాళం ఎవరికాడ ఉంటాదండీ?" అంది.

 సభ అయ్యాక చెబుతానని, లోపలికొచ్చి కూర్చోమన్నాను.

ఈ బల్ల మీద వెండి పళ్ళెం ఉంది చూడండి, పసుపూ కుంకుమా చల్లి. ఇందులో నేను నా గది తాళాలు పెట్టి ప్రిన్సిపాల్ గారికి అప్పగించాలి, ఫొటో తీయాలి. ఇది కార్యక్రమంలో ఆఖరి అంశం. బీరువా తాళం ఇదిగో, పెడుతున్నాను. గది తాళం పెడుతున్నాను, గది కాలేజీది. ఇది ఫ్రీజర్ తాళం. ఫ్రీజర్ పరిశోధన కోసమని వచ్చింది, ఆ పరిశోధన వాణి పేరు మీదుంది. ఆ వరదల తర్వాత తాళం నేనే మార్పించాను. దీనికి డూప్లికేటు లేదు.

వాణీ, ఇలా రా. రామ్మా, అందరూ చూస్తారు, చూడనీ. పళ్ళెంలోంచి కాదు, నా చేతిలోంచి తీసుకో. ఫొటో బాబూ, ఇటు తియ్యి. ప్రిన్సిపాల్ గారు కూడా పడేటట్టు తియ్యి.

సీతారత్నం గారూ, మీరడిగినదానికి ఇదే నా జవాబండి. తాళం ఈ పిల్ల దగ్గర ఉంటుంది.

సూర్యారావు గారూ, నా అర్జీ మీద మీరు సంతకం పెడతారో పెట్టరో మీ ఇష్టం. నేను మళ్ళీ అడగను. ఫ్రీజర్ తీయించెయ్యాలనుకుంటే మాత్రం తాళం వాణిని అడగాలి. ఎందుకో సీతారత్నం గారికి కూడా చెప్పాలి. ఆవిడ వరస చివర కూర్చుని ఉంది. ఎందుకైనా మంచిది, మొహం చూసి పెట్టుకోండి.

దండకి, శాలువాకి, ఓపికగా కూర్చున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఆశీస్సులు. గంగబాబూ, ఇన్నేళ్ళూ నాకు పొద్దున్నే గది తుడిచి ఉంచినందుకు నీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. భోజనాలకి నేను ఉండటం లేదు, సీతారత్నం గారి చెల్లెల్ని చూడటానికి వాణితో కలిసి వెళుతున్నాను, బస్సు వేళయింది.

వచ్చే వరదలకి మళ్ళీ పులస దొరికితే, రేవు పక్కనే ఐసు ఫ్యాక్టరీ ఉందండి. సెలవు.